ఆరో ల్యాప్ కోసం ఒక వేసవి

జూలై రెండో శనివారం. బయట మిషిగన్ ఎండ చుర్రుమంటోంది. ఐస్ హాకీ రింక్ లోపల మాత్రం ఊపిరి వదిలితే పొగలా కనిపిస్తోంది. స్కేట్స్ మీద ఈ చివర గోల్ లైన్ నుంచి బయల్దేరి, ఆ చివర గోల్ లైన్ దగ్గర ఆగి, మళ్లీ తిరిగి రావాలి. నిమిషానికొకటి చొప్పున ఆరు ల్యాపులు. ఎంత తొందరగా వస్తే అంత విశ్రాంతి మిగులుతుంది. మొదటిది 18.4 సెకన్లలో పూర్తి చేశాను. మూడోదాని దాకా బాగానే ఉంది. నాలుగోదానికి తొడలు బిగుసుకుపోయాయి. ఆరోదాంట్లో అవతలి చివర ఆగి వెనక్కి తిరిగేసరికి కుడికాలు నేను చెప్పినట్టు వినలేదు. 22.9 సెకన్లు. మా టీమ్‌లో అందరికన్నా ఎక్కువగా వేగం పడిపోయింది నాకే.

పక్కన బోర్డ్స్, అంటే రింక్ చుట్టూ ఉండే గోడ, పట్టుకుని వంగి నిలబడ్డాను. ఏడుపొచ్చింది. మే నెల మొదటి నుంచి ఒక్కరోజు కూడా మానకుండా పరిగెత్తాను మరి. రోజుకు ఐదు కిలోమీటర్లు, ఆదివారం ఎనిమిది. వాన పడినా వెళ్లాను.

పరిగెత్తమన్నది నాన్న. ఆంధ్రా యూనివర్సిటీలో చదివే రోజుల్లో పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరిగెత్తేవారట. దమ్ము పెరగాలంటే పరుగుకు మించింది లేదని ఆయన నమ్మకం. నాకూ అదే నిజమనిపించింది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే బూట్లు మార్చుకుని నాతోపాటు వచ్చేవారు. రెండు కిలోమీటర్ల తర్వాత ఆయన ఆగి, నేను తిరిగొచ్చేదాకా పార్కు బెంచీ మీద కూర్చునేవారు.

నా సంగతి కొంచెం చెప్పాలి. విశాఖలో శివాజీ పార్కు స్కేటింగ్ రింక్‌లో ఏడో ఏట చక్రాల మీద నిలబడటం నేర్చుకున్నాను. పదో ఏటికి రోలర్ హాకీ ఆడుతున్నాను. పదమూడో ఏట నాన్న ఉద్యోగం వల్ల డెట్రాయిట్ పక్కనున్న నోవై వచ్చాం. ఆ ఊళ్లో ఐస్ రింక్ ఉందని తెలిసిన రోజే అమ్మని లాక్కెళ్లాను. స్కేటింగ్ వచ్చు కదా అనుకున్నాను కానీ, చక్రాలకీ బ్లేడుకీ చాలా తేడా ఉంది. చక్రాల మీద ఆగాలంటే ఒక కాలిని వెనక అడ్డంగా ఈడుస్తాం. మంచు మీద రెండు బ్లేడులూ ఒక్కసారి పక్కకి తిప్పి, అంచులతో మంచుని గీకుతూ ఆగాలి. అది నేర్చుకోవడానికే నాకు రెండు నెలలు పట్టింది. విశాఖలో ఉన్న అమ్మమ్మ ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది, "ఏటే, ఆ మంచు మీద పడితే నడుం ఇరగదా?" అని. పడటం కూడా నేర్పిస్తారు అమ్మమ్మా అంటే నమ్మదు.

మాది యూనివర్సిటీ క్లబ్ టీమ్. అమెరికాలో కాలేజీ హాకీ అంటే చాలామందికి గుర్తొచ్చేది కాలేజీ ఆటల్ని నడిపే పెద్ద సంఘం ఎన్‌సీఏఏ. పెద్ద టీమ్‌లు, స్కాలర్‌షిప్పులు, సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి ప్రాక్టీస్ చేయించకూడదనే నిబంధనలు అన్నీ అక్కడివి. మేం ఆడేది ఏసీహెచ్ఏలో. 1991లో మొదలైన ఈ సంఘంలో క్లబ్ టీమ్‌లు ఆడతాయి. మంచు అద్దె, బస్సు, జెర్సీలు అన్నిటికీ ఆటగాళ్లే చందాలు కట్టుకోవాలి. మంచు గంటకు వందల డాలర్లు. కాస్త చవగ్గా దొరికేది రాత్రి పది తర్వాతే, కాబట్టి ప్రాక్టీస్ కూడా అప్పుడే. అయినా ఆట ఆటే. ఎవరూ తక్కువగా ఆడరు.

మళ్లీ ఆ శనివారానికి వస్తాను. మా ఫిట్‌నెస్ చూసే ట్రైనర్ అదే యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతున్న అమ్మాయి. నా పక్కన బెంచీ మీద కూర్చుని ఆరు అంకెలున్న కాగితం ముందుపెట్టింది. "ఈ వేసవి ఏం చేశావ్?" అని అడిగింది. చెప్పాను. తల ఊపి, "హాకీలో నువ్వు ఒక్కసారి మంచు మీదకి దిగితే ఎంతసేపు ఉంటావ్?" అంది.

నలభై ఐదు సెకన్లు. అది హాకీ ఆడే ఎవరినడిగినా చెప్పే అంకె. ఆటలో 20 నిమిషాల పీరియడ్లు మూడుంటాయి కానీ ఏ ఆటగాడూ 20 నిమిషాలు వరసగా ఆడడు. గోలీ (గోల్ కాసే ఆటగాడు) తప్ప మిగిలిన ఐదుగురూ ముప్పావు నిమిషం శక్తంతా ధారపోసి, ఆట నడుస్తుండగానే బెంచీకి వచ్చేస్తారు, వాళ్ల బదులు ఇంకో ఐదుగురు గోడ దూకుతారు. దాన్నే షిఫ్ట్ అంటారు. తర్వాత రెండు మూడు నిమిషాలు బెంచీ మీద ఊపిరి తీసుకుని మళ్లీ దిగాలి. ఆఖరి పీరియడ్‌లో ఆఖరి షిఫ్ట్ కూడా మొదటి షిఫ్ట్‌లాగే ఉండాలి. అక్కడే మ్యాచ్‌లు పోతాయి, గెలుస్తాయి.

నేనేమో అరగంటసేపు ఒకే వేగంతో పరిగెత్తడానికి ఒంటిని అలవాటు చేశాను. "పరుగు దండగ కాదు, బెంచీ మీద తొందరగా కోలుకోవడానికి పనికొస్తుంది" అంది ట్రైనర్. "కానీ నీ కాళ్లు గట్టిగా తొయ్యడం మర్చిపోయాయి. పైగా పరుగంతా ముందుకే, స్కేటింగేమో పక్కకి." ఆ చివరి మాట నా బుర్రలో దీపం వెలిగించింది. స్కేటింగ్‌లో కాలు వెనక్కి పోదు, ఏటవాలుగా పక్కకి తోస్తాం. రెండు నెలల్లో ఆ కదలిక ఒక్కసారి కూడా చెయ్యలేదు నేను.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన ఏం మాట్లాడలేదు. భోజనం అయ్యాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చాలాసేపు ఏవో వీడియోలు చూశారు. మర్నాడు హోమ్ డిపో అనే ఇంటి సామాన్ల దుకాణానికి వెళ్లి, నున్నటి తెల్ల పూత ఉన్న చెక్క షీటు తెచ్చారు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. దాన్ని నిలువునా రెండుగా కోయించి, ఒక ముక్కకి రెండు చివర్లా దిమ్మలు బిగించి, పాదం తగిలేచోట పాత యోగా మ్యాట్ ముక్కలు అంటించారు. పైన ఫర్నిచర్ పాలిష్ కొట్టి గుడ్డతో తుడిచారు. అదే స్లైడ్ బోర్డ్. బూట్ల మీద ఉన్ని మేజోళ్లు తొడుక్కుని, మోకాళ్లు వంచి కిందికి కూర్చున్నట్టుగా ఉండి, ఒక దిమ్మని గట్టిగా తన్ని అవతలి దిమ్మ దాకా జారాలి. అక్కడ తగలగానే ఇటు తన్నాలి. స్కేటింగ్ కదలిక అచ్చంగా అదే, మంచు లేకుండా.

ఆ గరాజ్ ఎప్పటికీ మర్చిపోను. తలుపు ఎత్తి ఉంచినా గాలి ఆడేది కాదు. తిరగేసిన పెయింట్ డబ్బా మీద నాన్న కూర్చునేవారు, చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్. ముప్పై సెకన్లు జారడం, తొంభై సెకన్లు విశ్రాంతి, అలా ఆరు సెట్లు. ఒక్కో సెట్‌లో ఎన్నిసార్లు దిమ్మ తగిలిందో ఆయన పైకి లెక్కపెట్టేవారు, "పద్నాలుగు, పదిహేను, కూర్చో, ఇంకా కూర్చో, పదహారు." అలసట వచ్చేకొద్దీ నడుం పైకి లేచిపోతుంది, మోకాళ్లు తిన్నగా అవుతాయి, తోపు తగ్గిపోతుంది. అది నాకన్నా ముందు ఆయనకే కనిపించేది. మొదటి రోజు మొదటి సెట్‌లో 24, ఆరో సెట్‌లో 15. గరాజ్ గోడమీద పెన్సిల్‌తో ఆ రెండంకెలూ రాశారు. అప్పట్నుంచి రోజూ రెండంకెలే రాసేవారు. మొదటిది, ఆరోది. మధ్యవి అక్కర్లేదనేవారు.

మూడో వారం నుంచి సెట్‌ని నలభై ఐదు సెకన్లకి పెంచాం, విశ్రాంతి రెండు నిమిషాలు. సరిగ్గా షిఫ్ట్ లెక్క. ఆ వారంలో ఒకరోజు ఐదో సెట్ తర్వాత బయటికి పరిగెత్తి గడ్డిలో వాంతి చేసుకున్నాను. అమ్మ కంగారుపడి, ఇక చాలమ్మా, ఆపెయ్ అంది. నాన్న నీళ్ల సీసా ఇచ్చి నా ముఖంలోకి చూశారు. ఆరోది చేస్తానన్నాను. చేశాను. తర్వాత అమ్మ ఒక మంచి మార్పు తెచ్చింది. సాయంత్రం ట్రైనింగ్‌కి ముందు టిఫిన్ పెట్టడం మానేసి, మధ్యాహ్నం పప్పన్నం, నాలుగింటికి అరటిపండు, ట్రైనింగ్ అయిన అరగంటలో రెండు గుడ్లతో పెరుగన్నం. ఆ తర్వాత వాంతి రాలేదు.

వారంలో మూడు రోజులు బోర్డు, రెండు రోజులు జిమ్ బరువులు, శనివారం మా ఊరి ఐస్ అరీనాలో స్టిక్ అండ్ పక్ సెషన్, అంటే ఎవరికి వాళ్లు హాకీ కర్రతో పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) ఆడుకునే సమయం. పరుగు పూర్తిగా మానలేదు కానీ వారానికి ఒక్కసారికి తగ్గించాను, అదీ ఎత్తు మీదకి పొట్టి స్ప్రింట్లు.

బరువుల గురించి ఎక్కువ చెప్పను, ఒక్క గజ్జల సంగతి తప్ప. కిందటేడు నవంబరులో మ్యాచ్ మధ్యలో కుడి గజ్జలో కండరం పట్టేసింది. నాలుగు వారాలు బెంచీ వెనక నిలబడి టీమ్‌ని చూశాను. హాకీ ఆడేవాళ్లకి ఇది చాలా మామూలు గాయం. పక్కకి తోసిన కాలిని మళ్లీ లోపలికి లాగి ఆపేవి తొడ లోపలి కండరాలు. బయటి కండరాలు బలంగా ఉండి, లోపలివి బలహీనంగా ఉంటే ఆ లాగుడులో చిరుగుతాయి. 2001లో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా మగవాళ్ల ప్రొఫెషనల్ హాకీ లీగ్) ఆటగాళ్ల మీద వచ్చిన ఒక అధ్యయనం గురించి ట్రైనర్ చెప్పింది. లోపలి కండరాల బలం బయటివాటి బలంలో 80 శాతం కన్నా తక్కువుంటే ఈ గాయం అయ్యే అవకాశం 17 రెట్లు ఎక్కువట. చిన్న మీటరు పెట్టి కొలిస్తే నా కుడికాలికి 71 వచ్చింది. కిందటేడు గాయం మానిందని డాక్టర్ అన్నాక నేను ఆ కాలి గురించి ఆలోచించనే లేదు. నొప్పి పోవడం వేరు, బలం రావడం వేరు.

దానికి కోపెన్‌హేగెన్ ప్లాంక్ అని ఒక వ్యాయామం ఇచ్చింది. పక్కకి తిరిగి పడుకుని, పైకాలిని బెంచీ మీద పెట్టి, కింది కాలు గాల్లో ఉండగా, ఆ పైకాలి లోపలి కండరాలతోనే ఒళ్లంతా పైకి లేపి నిలపాలి. మొదటి వారం మోకాలు ఆనించి కూడా ఎనిమిది సెకన్లే ఆగగలిగాను. ఆగస్టు ఆఖరికి పాదం ఆనించి ముప్పై సెకన్లు. హాకీ ఆడే అమ్మాయిలెవరైనా ఇది చదువుతుంటే, ఇంకేం చేసినా చెయ్యకపోయినా ఈ ఒక్కటీ చెయ్యండి. నిజంగా బతిమాలి చెబుతున్నాను.

శనివారం మంచు మీద ఇంకో పొరపాటు బయటపడింది. నా బ్లేడుకి సాన పట్టించడంలో. హాకీ బ్లేడుకి రెండు అంచులుంటాయి, మధ్యలో సన్నటి గాడి. ఆ గాడిని అంగుళాల్లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ గాడి లోతు తగ్గుతుంది. నేను మొదట్నుంచీ అర అంగుళమే. అంచులు మంచులోకి బాగా దిగుతాయి, మలుపులకి మంచిది, కానీ ప్రతి తోపులోనూ కొంచెం అదనపు శక్తి తింటుంది. షాపులో ముసలాయన నా బ్లేడు చూసి 5/8 పెట్టి చూడమన్నాడు. పట్టాక అంచు మీద అడ్డంగా గోరు ఆనించి లాగి చూపించాడు, గోరు పొడి సన్నగా రాలింది. తర్వాత బ్లేడు మీద ఒక నాణెం అడ్డంగా పెట్టి, రెండంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. మొదటి పది నిమిషాలు కాలు జారిపోతున్నట్టనిపించింది. పదకొండో నిమిషం నుంచి జారడం హాయిగా ఉంది.

ఆగస్టు ఆఖరి వారం క్యాంపస్‌కి వెళ్లాను. ముందు వైద్య పరీక్షలు. అందులో నాకు ముఖ్యమనిపించేది తల దెబ్బల కోసం చేసే ఇంపాక్ట్ పరీక్ష. కంప్యూటర్ ముందు దాదాపు అరగంట. కొన్ని పదాలు చూపించి తర్వాత అందులో ఏవున్నాయో అడుగుతారు, గీతల బొమ్మలు గుర్తుంచుకోవాలి, రంగు చూడగానే మీట నొక్కాలి. ఆరోగ్యంగా ఉన్నప్పటి అంకెలు ఇవి. సీజన్‌లో ఎవరికైనా తలకి దెబ్బ తగిలితే మళ్లీ ఇదే పరీక్ష పెట్టి, ఈ అంకెలతో పోల్చి చూస్తారు. మేం ఆడే అమ్మాయిల హాకీలో ఒంటితో గుద్ది పడగొట్టడం నిషేధం, అయినా గోడ దగ్గర పక్ కోసం పెనుగులాడేటప్పుడు తలలు తగులుతూనే ఉంటాయి. మా టీమ్‌లో ఒకమ్మాయి కిందటేడు అలా నెలన్నర ఆడలేదు. అందుకే ఈ పరీక్షని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు.

ఆ వారమంతా రాత్రి పదింపావుకి క్యాప్టెన్స్ ప్రాక్టీస్. కోచ్‌లు ఉండరు, క్యాప్టెనే నడిపిస్తుంది. రావడం తప్పనిసరి కాదంటారు కానీ రానివాళ్లు లేరు. వేసవంతా డబ్బాలో మూలిగిన షిన్ గార్డులు, గ్లవ్స్ వాసన, మంచుని నున్నగా చేసే జాంబోనీ బండి వెళ్లాక మంచు మీద పలచటి నీటి పొర మెరుపు, మొదటి పాస్ స్టిక్‌కి తగిలిన చప్పుడు. ఏప్రిల్ తర్వాత ఇవన్నీ ఒకేచోట దొరకడం ఆ రాత్రే. హెల్మెట్‌కి ముఖం ముందుండే కేజ్ బిగించుకుని ఒక రౌండ్ ఊరికే తిరిగాను.

సెప్టెంబర్ మొదటి మంగళవారం పరీక్షలు. పొద్దున వింగేట్ అనే శక్తి పరీక్ష. నిలకడగా ఉండే సైకిల్ మీద ముప్పై సెకన్లు, ఒంటి బరువులో 7.5 శాతం బరువు చక్రాన్ని ఆపుతూ ఉండగా, ఎంత శక్తి ఉంటే అంతా తొక్కాలి. నా బరువు అరవై కిలోలు, అంటే నాలుగున్నర కిలోలు. మొదటి ఐదు సెకన్లలో పైకి వెళ్లిన గీత చివరి ఐదు సెకన్లకి ఎంత కిందికి వస్తుందో తెరమీద కనిపిస్తుంది. దిగాక మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. గజ్జల మీటరులో కుడికాలికి 92 వచ్చింది.

రాత్రి మంచు మీద అవే ఆరు ల్యాపులు. మొదటిది 18.1. నాలుగోదాంట్లో తొడలు మండాయి, అది నాకు తెలిసిన మంటే. గరాజ్‌లో ఐదో సెట్ మంట. కూర్చో, ఇంకా కూర్చో అనుకుంటూ వెళ్లాను. ఆరోదాంట్లో అవతలి గోల్ లైన్ దగ్గర ఆగినప్పుడు బ్లేడుల కింద మంచు పొడి లేచింది, కుడికాలు తన్నింది. 20.1. ట్రైనర్ జూలై కాగితం పక్కన ఈ కాగితం పెట్టి ఏమీ అనకుండా నా భుజం తట్టింది.

తర్వాత మూడు రోజులు ట్రైఅవుట్స్, అంటే టీమ్ ఎంపిక. ముప్పై నాలుగు మంది వచ్చారు, ఉంచుకునేది ఇరవై మూడు మందిని. కిందటేడు ఆడినంత మాత్రాన చోటు ఖాయం కాదు. మొదటి రోజు చిన్న జాగాలో ముగ్గురికి ముగ్గురు ఆడించారు. రెండో రోజు చివర కోచ్ విజిల్ వేసి, "హెర్బీలు" అన్నాడు. మంచు మీద మధ్య గీతకి అటూ ఇటూ ఒక్కో నీలి గీత ఉంటుంది, అదే బ్లూ లైన్. గోల్ లైన్ నుంచి దగ్గరి బ్లూ లైన్‌కి వెళ్లి వెనక్కి, మధ్య గీతకి వెళ్లి వెనక్కి, దూరపు బ్లూ లైన్‌కి, చివరికి అవతలి గోల్ లైన్‌కి. హెర్బ్ బ్రూక్స్ పేరు మీద వచ్చింది ఆ మాట. 1980 ఒలింపిక్స్‌లో కాలేజీ కుర్రాళ్లతో సోవియట్ టీమ్‌ని ఓడించిన అమెరికా కోచ్ ఆయన. అంతకు ముందటేడు సెప్టెంబరులో నార్వేతో మ్యాచ్ 3-3తో డ్రా అయితే, మ్యాచ్ అయిపోయాక అదే మంచు మీద టీమ్‌తో ఇవే చేయించాడట, దీపాలు ఆర్పేసినా ఆపకుండా. మాతో మూడే చేయించారు. మూడోదాంట్లో ఒక కొత్తమ్మాయి బ్లూ లైన్ దగ్గర మోకాళ్ల మీద పడిపోతే, మా క్యాప్టెన్ తన వరస వదిలి వెనక్కొచ్చి, ఆ అమ్మాయి పక్కనే చివరిదాకా స్కేట్ చేసింది. 2024 మార్చిలో డెట్రాయిట్‌లో అమ్మాయిల ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్ మ్యాచ్ జరిగితే అమ్మా నేనూ వెళ్లాం. ఆ రోజు గొంతు పోయేలా అరిచాను. ఈ దృశ్యం నాకు అంతకన్నా గొప్పగా ఉంది.

శుక్రవారం రాత్రి పదకొండు దాటాక లిస్టు టీమ్ గ్రూపులో పెట్టారు. హాస్టల్ మెట్ల మీద కూర్చుని చూశాను. పదిహేడో నంబరు, మూడో లైన్ (కలిసి దిగే ముందు వరస ఆటగాళ్ల మూడో జట్టు), లెఫ్ట్ వింగ్, అంటే ఎడమ పక్క. ఆ కొత్తమ్మాయి పేరు కూడా ఉంది.

లిస్టు వచ్చేదాకా ఇంట్లో ఏ అంకే చెప్పకూడదనుకున్నాను, అడిగినా దాటేశాను. ఇంటికి ఫోన్ చేశాను. నాన్న నిద్రపోలేదు. టీమ్‌లో ఉన్నాను నాన్నా అన్నాను. వెనకనుంచి అమ్మ సంతోషంగా ఏదో అంటోంది. నాన్న ఒక్క క్షణం ఆగి, "సరే తల్లీ, ఆరోది ఎంతొచ్చింది?" అన్నారు.

చెప్పాను.

"మొదటిది?"

అదీ చెప్పాను.

"ఉండు, లైన్లోనే ఉండు" అన్నారు. చెప్పుల చప్పుడు, ఆ తర్వాత గరాజ్ తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించాయి.